పోటీకి వెళ్ళండి... పోటీ పడకండి!

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పితే మూడు ఉత్తరాలు ఒకే జిల్లా నుంచి, ఒకే విషయం మీద కనిపించాయి. కడప జిల్లా సోదరీమణులు ఈ శీర్షికకు ఓళిగలు విరగకుండా రావడం గురించి, పట్టుచీర మీద నూనె మరక గురించి రాస్తుంటారు. ఈసారి రాసింది మారథాన్ పరుగు గురించి! చదివి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మూడింటికీ కలిపి జవాబు చెబుతున్నాను. పరుగు జోలికి పోని వాళ్ళు కూడా చదవండి. మీ ఇంట్లో పరిగెత్తే కూతురో, కోడలో ఉంటే రేపు పనికొస్తుంది.

ప్రొద్దుటూరు నుంచి ఒక టీచరమ్మ ఇలా రాశారు: "అక్కా, నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా తెల్లవారుజామున పరిగెడుతున్నాను. జనవరిలో ముంబయిలో మొదటిసారి పూర్తి మారథాన్ చేయాలని కోరిక. ముందుగా ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్‌కు పేరిచ్చాను. దాన్ని శిక్షణ పరుగులాగా నెమ్మదిగా చేయమని తోటి రన్నరు చెప్పింది. మా ఇంటాయనేమో 'ఫీజు కట్టి, బస్సుకు పెట్టి, లాడ్జికి పెట్టి, అంత దూరం పోయి నెమ్మదిగా పరిగెత్తేదేంది? ఆ పరుగేదో మన పెన్నా వంతెన మీదనే పరిగెత్తచ్చు గదా!' అంటాండారు. ఆయన మాటా నిజమే అనిపిస్తాంది."

జమ్మలమడుగు చెల్లెలు నర్సు. "నైట్ డ్యూటీల మధ్య పెద్ద పరుగులకు ఆదివారాలు దొరకవక్కా. హైదరాబాద్‌లో ఏకంగా ఫుల్ చేసేస్తే ముంబయికి అంతకు మించిన ప్రాక్టీసు ఏముంటుంది?" అని అడిగింది.

మూడోది పులివెందుల నుంచి ఒక తల్లి రాసింది. "మా పాప డిగ్రీ చదువుతోంది. నాలుగు నెలల్లో మూడు పోటీలు పరిగెత్తింది. అన్నీ పెద్ద పోటీకి ప్రాక్టీసే అంటుంది, కానీ ప్రతిదాంట్లో ప్రాణం పెట్టి పరిగెడుతుంది. గోడకు మూడు మెడళ్ళు వేలాడుతున్నాయి. ఇప్పుడు మేడ మెట్లెక్కితే ఆయాసపడుతోంది. రెండు నెలలుగా బయట చేరలేదు. పరుగు మాన్పించమంటారా?"

చూశారా? ముగ్గురి ప్రశ్నా పైకి వేరుగా ఉన్నా లోపల ఒకటే. శిక్షణ కోసం పోటీకి వెళ్ళినప్పుడు ఎంత పరిగెత్తాలి, ఎంత దాచుకోవాలి?

మారథాన్ అంటే ఎంత దూరం?

పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు. 1908లో లండన్ ఒలింపిక్స్‌కు విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియం దాకా గీసిన దారి అంత వచ్చింది. 1921లో దాన్నే ప్రపంచమంతటికీ ఖాయం చేశారు. అందులో సగం హాఫ్ మారథాన్.

అంకెల్లో చెబితే మనసుకెక్కదు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఇరవై కిలోమీటర్లకు పైమాటే. అది దాదాపు ఒక హాఫ్. పోయి, మళ్ళీ తిరిగి ప్రొద్దుటూరు వస్తే సుమారుగా ఫుల్. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఈసారి ఆ దారంతా చూడండి. ఆ దూరాన్ని కాళ్ళతో, ఆగకుండా, రానూ పోనూ చేయాలన్నమాట! ఇంత పనికి ఒళ్ళు ఒక్కరోజులో సిద్ధం కాదు. నాలుగైదు నెలలు పడుతుంది. వారానికి ఒక పెద్ద పరుగు పెట్టుకుని, 15, 18, 21, 24 అని పెంచుకుంటూ, మధ్యలో ఒక వారం తగ్గించి ఒళ్ళుకు ఊపిరినిస్తూ, చివరికి ముప్ఫై దాకా తీసుకువెళ్ళాలి. అసలు పోటీకి మూడు వారాల ముందు ఆఖరి పెద్ద పరుగు ముగించి తగ్గించుకోవాలి.

ఈ పెద్ద పరుగుల్లో ఒకటో రెండో పోటీల్లో చేసుకోవడమే మనం మాట్లాడుకుంటున్న శిక్షణ పరుగు.

పెన్నా వంతెన మీద దొరకనిది

టీచరమ్మగారి ఇంటాయన ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. ఖర్చు లెక్క అడగడం తప్పు కాదు. ఇల్లు నడిపే వాళ్ళం, ఆ లెక్క మనకూ తెలుసు.

మీరు మీ ఊళ్ళో పరిగెత్తేటప్పుడు అలవాటైన దారి, అలవాటైన టైము, మీ వంటింట్లో మీ చేతి కాఫీ. ముంబయిలో ఇవేవీ ఉండవు. కొత్త ఊళ్ళో, కొత్త మంచం మీద సగం నిద్ర. తెల్లవారక ముందే లేచి ఏదో తినాలి. బాత్రూముల ముందు పొడుగాటి వరుస. వేల మంది మధ్య నిలబడి గుండె దడదడలాడుతుంటే బయలుదేరాలి. పరిగెడుతూనే గ్లాసు అందుకుని పొలమారకుండా తాగాలి. బూటు కరిస్తే, జాకెట్టు కుట్టు ఒరుసుకుంటే ఇల్లు దగ్గర లేదు. ఇవన్నీ మొదటిసారి అసలు పోటీ రోజునే ఎదురైతే అయిదు నెలల కష్టం ఒక పూటలో నీరుగారిపోతుంది.

పెళ్ళికి వెయ్యి మందికి వండే వంటమనిషి కొత్త వంటకాన్ని పెళ్ళినాడే మొదటిసారి పొయ్యి మీద పెట్టడు. ముందు ఇంట్లో కొంచెం చేసి చూసుకుంటాడు. హైదరాబాద్ హాఫ్ మీకు ఆ కొంచెం. ఆ డబ్బు పెట్టి మీరు కొంటున్నది మెడల్ కాదు, అనుభవం. ఈ మాట ఆయనకు చదివి వినిపించండి.

హైదరాబాద్ మారథాన్ 2011 నుంచి జరుగుతోంది. సాధారణంగా ఆగస్టు చివర్లో ఒక ఆదివారం పెడుతుంటారు. ఫ్లైఓవర్లు ఎక్కి దిగే దారి, పైగా వానకాలపు ఉక్క. మీ కడప ఎండ పొడి ఎండ, చెమట పట్టగానే ఆరిపోతుంది. అక్కడి ఉక్కలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ముంబయి సముద్రపు గాలి కూడా ఆ బాపతే కాబట్టి ముందుగా రుచి చూడటం మంచిదే. ఆగస్టు ఆఖరు నుంచి జనవరి మూడో ఆదివారానికి సుమారు 20 వారాలు. తొందర లేని దూరం. మధ్యలో ఇంకోటి కావాలంటే ఈ మధ్య ఏళ్ళలో విశాఖపట్నంలో నేవీ మారథాన్ నవంబరు, డిసెంబరుల్లో జరుగుతోంది. ముంబయికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు పడిందా, అక్కడ హాఫ్ చేయడానికి అది చక్కని సమయం. తేదీలు మాత్రం ఏటికేడు చూసుకుని పేరివ్వండి.

గుమాస్తా గెలిచిన కథ

పోటీలనే శిక్షణగా వాడుకుని ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన మనిషి ఒకాయన ఉన్నాడు. జపాన్‌కు చెందిన యూకి కవౌచి. సైతామా ప్రాంతంలో ఒక హైస్కూలు ఆఫీసులో పూర్తికాలం ఉద్యోగి. కంపెనీ జట్లలో ఉండే రన్నర్లకు రోజుకు రెండు పూటలా సాధన, కోచ్‌లు, సదుపాయాలు ఉంటాయి. ఈయనకు ఆఫీసు పోగా మిగిలిన సమయమే దిక్కు. అందుకని వారాంతాల్లో దొరికిన పోటీకల్లా వెళ్ళి, దాన్నే గట్టి సాధనగా వాడుకున్నాడు. ఏడాదికి పది, పన్నెండు మారథాన్లు పరిగెత్తిన సంవత్సరాలు ఉన్నాయి. 2018 ఏప్రిల్‌లో బోస్టన్‌లో చలి, కుండపోత వాన, ఎదురుగాలి. పెద్ద పెద్ద పేరున్న వాళ్ళు మధ్యలో ఆగిపోయారు. ఈయన 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు! ఉద్యోగం వదిలి పూర్తిస్థాయి రన్నరు అయింది ఆ తర్వాత, 2019లో.

డ్యూటీల మధ్య పరిగెత్తే నర్సమ్మకు, బడి గంట లోపల ఇంటికి చేరాల్సిన టీచరమ్మకు ఈ కథ ధైర్యం ఇస్తుంది. కానీ ఒక్క హెచ్చరిక. ఆయన చిన్నప్పటి నుంచీ కట్టుకున్న ఒళ్ళు అది. మనం ఆయన నుంచి నేర్చుకోవాల్సింది ఆలోచన. పోటీల లెక్క కాదు.

అసలు చిక్కు ఎక్కడుంది?

చిక్కు మొదటి కిలోమీటరులోనే ఉంది. డప్పులు మోగుతాయి, పాటలు వినిపిస్తాయి, జనం చప్పట్లు కొడతారు. పక్కన మీకంటే పెద్దావిడ దూసుకుపోతుంది. కాళ్ళు వాటంతట అవే వేగం అందుకుంటాయి. "ఇంత దూరం వచ్చాం, ఇంత ఖర్చు పెట్టాం, ఇంట్లో అడుగుతారు, పక్కింటావిడ అడుగుతుంది" అని మనసు కూడా తరుముతుంది. ఇంకేముంది, శిక్షణ పరుగు కాస్తా పోటీ అయి కూర్చుంటుంది.

అయితే ఏమవుతుంది అంటారా? అనుభవజ్ఞులు చెప్పే ఒక మోటు లెక్క ఉంది. ప్రాణం పెట్టి పరిగెత్తిన ప్రతి మైలుకూ ఒక రోజు చొప్పున ఒళ్ళు కోలుకోవడానికి ఇవ్వాలి అని. హాఫ్ అంటే 13 మైళ్ళు, దాదాపు రెండు వారాలు. ఫుల్ అంటే 26 రోజులు. అన్నాళ్ళు గట్టి సాధన పడదు. అదే హాఫ్‌ను నెమ్మదిగా చేస్తే రెండు మూడు రోజుల్లో మళ్ళీ మామూలు పరుగుకు రావచ్చు. అంటే పోటీ పడితే ఒక మెడల్ కోసం పెద్ద పరుగులు రెండు పోగొట్టుకున్నట్టు. పోనీ అని ఆ రెండు వారాలూ ఆగకుండా సాధన చేస్తే మోకాలో, పిక్కో, మడమో మొరాయిస్తుంది.

ప్రొద్దుటూరు బంగారానికి పేరున్న ఊరు. టీచరమ్మగారికి ఆ భాషలోనే చెబుతాను. నగ నాణ్యం తెలియాలంటే గీటురాయి మీద సన్నగా ఒక గీత గీసి చూస్తారు. నగంతా అరగదీయరు కదా! శిక్షణ కోసం వెళ్ళిన పోటీ గీటురాయి. మీ నగ ముంబయిలో వేసుకోవాలి.

ఎంత వేగం? ఇదిగో లెక్క

ముంబయిలో 5 గంటల్లో ముగించాలని అనుకున్నారనుకోండి. అంటే కిలోమీటరుకు 7 నిమిషాల 7 సెకన్లు. ఆ వేగానికి హాఫ్ రెండున్నర గంటలు పడుతుంది. 5 గంటల ఫుల్ చేయగల మనిషి హాఫ్‌లో ప్రాణం పెడితే 2 గంటల 20 నిమిషాలకు అటూ ఇటూగా చేరవచ్చు. శిక్షణ పరుగుకు మాత్రం కిలోమీటరుకు 7 నిమిషాల 50 సెకన్ల లెక్కన, 2 గంటల 45 నిమిషాలకు చేరాలి. ఆ మధ్య ఉన్న 25 నిమిషాలే మీరు దాచుకుంటున్న సొమ్ము.

గడియారం లేని వాళ్ళకు ఇంకో తేలిక గుర్తు. పక్కనున్న ఆవిడతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించండి.

పోటీని వాడుకునే పద్ధతులు ముఖ్యంగా మూడు.

మొదటిది, మొత్తం నెమ్మదిగా. మొదటిసారి ఫుల్ చేయబోయే వాళ్ళకు ఇదే మేలు. మీ పట్టికలో ఆ వారం 26 కిలోమీటర్లు ఉంటే, బయలుదేరే ముందు 2 కిలోమీటర్లు, ముగిశాక 3 కిలోమీటర్లు కలుపుకోండి. చివరి మూడూ నడక, పరుగు కలిపి చేసినా తప్పులేదు.

రెండోది, మధ్యలో అసలు వేగం. మొదటి 5 కిలోమీటర్లు హాయిగా, తర్వాత 12 కిలోమీటర్లు ముంబయిలో పరిగెత్తబోయే వేగానికి, చివరి 4 మళ్ళీ హాయిగా. విశాఖలో చేసే హాఫ్‌కు ఇది బాగుంటుంది. అసలు వేగం ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది.

మూడోది, చివర్లో పెంచడం. 16 కిలోమీటర్ల దాకా నెమ్మదిగా వెళ్ళి, ఆఖరి 5 అసలు వేగానికి తేవడం. అలసిన కాళ్ళతో పరిగెత్తే అలవాటు వస్తుంది. ముందు దూసుకుపోయిన వాళ్ళను ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్ళే సరదా కూడా తీరుతుంది!

ఒక చిట్కా: నిలబడేటప్పుడు మీ వేగం వాళ్ళ కంటే కాస్త వెనక వరుసలో నిలబడండి. ముందున్న జనమే మిమ్మల్ని ఆపుతారు. మొదటి మూడు కిలోమీటర్లు "వంద మంది నన్ను దాటిపోవాలి" అని లెక్క పెట్టుకోండి. అదొక ఆటగా ఉంటుంది.

జమ్మలమడుగు చెల్లెలికి

చెల్లెమ్మా, ఫుల్‌ను శిక్షణ పరుగుగా చేసే వాళ్ళు లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని దాదాపు 90 కిలోమీటర్ల పోటీ ఉంది. మీ ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా పరిగెత్తినా ఇంకా కొంచెం మిగిలేంత! దానికి సిద్ధమయ్యే వాళ్ళు పూర్తి మారథాన్‌ను సాధనగా చేస్తారు. వాళ్ళు అప్పటికే ఎన్నో ఫుల్స్ చేసినవాళ్ళు, అసలు లక్ష్యం అంతకు రెట్టింపు.

నీది మొదటి ఫుల్. ముప్ఫై కిలోమీటర్లు దాటాక కండరాల్లో దాచిన ఇంధనం అడుగంటుతుంది. అక్కడి నుంచి చివరిదాకా ఒళ్ళు నలిగిపోతుంది, నేర్చుకునేది తక్కువ. పైగా సోమవారం నైట్ డ్యూటీ ఉందనుకో, రాత్రంతా నిలబడాలి. వార్డులో రోగికి ఇంజెక్షన్ ఇచ్చే చేతులవి. అలసటతో వణకకూడదు కదా! హైదరాబాద్‌లో హాఫ్ చెయ్యి. మర్నాడు సెలవు ముందే అడిగి పెట్టుకో. ఆదివారాలు దొరకకపోతే పెద్ద పరుగును ఏ వారమైనా వీక్లీ ఆఫ్ రోజుకు జరుపుకో. క్యాలెండరులో ఆదివారమని రాసున్నంత మాత్రాన ఒంటికేమీ తెలియదు. నైట్ డ్యూటీ దిగి నిద్రపోకుండా మాత్రం పెద్ద పరుగుకు బయలుదేరకు.

మీ ఊరి నుంచి గండికోట వైపు ఎక్కే దారి ఫ్లైఓవర్లకు మంచి సాధన. ఒంటరిగా వెళ్ళకు. బండ్లకు ఎదురుగా, కుడి పక్కన పరిగెత్తు. లేత రంగు బట్టలు వేసుకో.

వంటింటి సంగతులు

మన శీర్షికలో వంట లేకుండా ఎలా? శిక్షణ పోటీలో కాళ్ళతోపాటు కడుపుకూ పరీక్షే.

ముందురోజు మధ్యాహ్నం మీకు అలవాటైన భోజనం కడుపునిండా తినండి. రాగి సంగటి అలవాటుంటే అదే తినండి. రాత్రికి మాత్రం కారం, నూనె, పీచు తగ్గించి అన్నం, పలుచని పప్పు, పెరుగు. హైదరాబాద్ వెళ్ళాం కదా అని బిర్యానీకి ముందురాత్రే ఎగబడకండి. పరుగయ్యాక మధ్యాహ్నం తింటే అది బహుమతి.

పరుగుకు రెండు, మూడు గంటల ముందు పెరుగన్నమో, రెండు ఇడ్లీలో, అరటిపండో. లాడ్జిలో ఆ వేళకు ఏమీ దొరకదు కాబట్టి ఇంటి నుంచే అరటిపళ్ళు, ఖర్జూరాలు సర్దుకోండి. పులివెందుల అరటికి కొదవేముంది! పరిగెత్తేటప్పుడు గంటకు 30 గ్రాముల పిండిపదార్థమైనా కడుపులో పడాలి. ఒక పెద్ద అరటిపండు అంత ఇస్తుంది. ఖర్జూరాలో, బెల్లం ముక్కలో రుమాలులో కట్టుకున్నా సరే. ఇంట్లో పెద్ద పరుగుల్లో అలవాటు చేసుకున్నదే పోటీలో తినండి. అక్కడ పంచే కొత్త జెల్లు, కొత్త పానీయం ఆ రోజే మొదలుపెట్టకండి.

నీళ్ళ విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి తాగకపోవడం. బాత్రూము దొరకదేమోనని ఆడవాళ్ళం చేసే పని ఇది. రెండోది, భయపడి ప్రతి బల్ల దగ్గరా కడుపుబ్బేలా తాగడం. రెండోది మరింత ప్రమాదం. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతి, తికమక, చివరికి ప్రాణం మీదికి రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో ఉప్పు తగ్గి కనిపించింది. నాలుగైదు గంటలు నెమ్మదిగా పరిగెత్తే వాళ్ళకే ఈ ముప్పు ఎక్కువ. కాబట్టి దాహాన్ని బట్టి, గుక్కలు గుక్కలుగా తాగండి. ఒట్టి నీళ్ళతోపాటు ఉప్పు కూడా పడేలా చూసుకోండి. ఓఆర్ఎస్ పొడి మేలు. లేదంటే లీటరు మరగకాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, అన్నీ తలకొట్టి కొలిచి కలుపుకోండి. బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఇవేవీ చేయకండి. పరుగుకు ముందు నొప్పుల మాత్ర వేసుకోవడం కూడా వద్దు. నీరు తగ్గిన ఒంట్లో అది మూత్రపిండాలకు చేటు.

బట్టల మాట. ముంబయిలో వేసుకోబోయేవే హైదరాబాద్‌లోనూ వేసుకోండి. లోపలి బట్టలు, మేజోళ్ళు, బూట్లు, అన్నీ. ఒరుసుకునే చోట వ్యాసలిన్ రాయండి. చుడీదారైనా, టీషర్టైనా మీకు సౌకర్యంగా ఉంటే చాలు. 2017 ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో ఒక ఉద్యోగిని చీర కట్టుకుని పూర్తి మారథాన్ ముగించింది! చీరతోనే అన్ని కిలోమీటర్లు పరిగెత్తగలిగిందంటే ముందు అందులో ఎంత సాధన ఉండాలో ఆలోచించండి.

పులివెందుల తల్లికి

అమ్మా, మీ ఉత్తరం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మీ అమ్మాయి మూడు శిక్షణ పోటీలని చెప్పి మూడు అసలు పోటీలు పరిగెత్తింది. ఒళ్ళు కోలుకోలేదు. ముందుగా రెండు పనులు చేయండి.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత అంటారు. 2019–21 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి అది ఉంది. మెట్లెక్కితే ఆయాసం రావడానికి అదొక కారణం కావచ్చు. ఇంకేదైనా ఉంటే అదీ డాక్టరే తేల్చాలి. నెలసరి తప్పడాన్ని మాత్రం "పరిగెత్తే పిల్లలకు మామూలే" అని ఎవరన్నా నమ్మకండి. ఖర్చుపెట్టే శక్తికి సరిపడా తిండి లేకపోతే ఒళ్ళు ముందుగా ఆపేసే పని అదే. అలాగే సాగితే ఎముకలు బలహీనపడి సన్నగా చిట్లుతాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ స్థితి గురించి ప్రత్యేకంగా హెచ్చరించారు. డాక్టరు సరే అనేదాకా పరుగు ఆపించండి.

ఇంట్లో మాంసాహారం తింటే వారానికి రెండుసార్లు కాలేయమో, మాంసమో, రోజూ గుడ్డు పెట్టండి. లేదంటే అలసందలు, కందిపప్పు, ఆకుకూరలు, నువ్వులు. వాటితోపాటు నిమ్మకాయో, జామకాయో, మీ తోటల్లో కాసే చీనీకాయో ఉంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. అన్నం తినగానే టీ, కాఫీ వద్దు, గంట ఆగాలి. పరిగెత్తి వచ్చాక అరగంటలో చెనక్కాయల బెల్లం ఉండలు రెండు, గ్లాసుడు పాలు ఇవ్వండి. బరువు తగ్గుతానని పూట మానేస్తుంటే మెల్లగా కూర్చోబెట్టి మాట్లాడండి.

మాన్పించమంటారా అని అడిగారు. శాశ్వతంగా మాన్పించకండి తల్లీ. ఆడవాళ్ళను పరుగు మానమని చెప్పడానికి లోకం ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరిగెత్తి అలిసిపోయారని, ఆ పోటీనే తీసేసి 1960 దాకా మళ్ళీ పెట్టలేదు. 1967లో బోస్టన్‌లో కాథరిన్ స్విట్జర్ నంబరు తగిలించుకుని పరిగెడుతుంటే నిర్వాహకుడొకాయన మధ్యదారిలో పట్టి లాగబోయాడు. ఆమె ఆగలేదు. అదే బోస్టన్‌లో ఆడవాళ్ళకు అధికారికంగా చోటు దొరికింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ మొదలైంది 1984లో, లాస్ ఏంజెలస్‌లో. అమెరికా అమ్మాయి జోన్ బెనాయిట్ గెలిచింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న దారి మీ పాపకు మూసేయకూడదు. నెమ్మదిగా నడిపించాలి.

ఒంట్లో బాగయ్యాక, డాక్టరు ఒప్పుకున్నాక, ఏడాదికి ఒకే ఒక్క అసలు పోటీ పెట్టుకోమనండి. శిక్షణ పోటీకి వెళ్తే ముందురాత్రి ఒక కాగితం మీద తను చేరాల్సిన సమయం రాసి మీకు ఇవ్వమనండి. దానికంటే ముందు చేరితే ఇంట్లో చప్పట్లు ఉండవని చెప్పండి! రాసుకున్న సమయానికే చేరితే ఆ రోజు ఓళిగలు చేయండి.

పరుగయ్యాక మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్నలు

1. ముగిసేసరికి ఇంకో అయిదు కిలోమీటర్లు పరిగెత్తగలను అనిపించిందా? అనిపిస్తే సరిగ్గా చేసినట్టు.
2. రెండో సగం మొదటి సగం కంటే బాగా నెమ్మదించిందా? అయితే మొదట్లో తొందరపడ్డారు.
3. తిన్నది, తాగినది కడుపులో సర్దుకుందా? లేకపోతే ఇంట్లో ఇంకోటి ప్రయత్నించండి.
4. ఎక్కడ ఒరుసుకుంది, ఎక్కడ బొబ్బ లేచింది? బూటు, బట్ట మార్చడానికి ఇంకా సమయం ఉంది.
5. బుధవారానికల్లా మెట్లు హాయిగా దిగుతున్నారా? లేకపోతే ఆ వారం పరుగు తగ్గించండి.

తల తిరగడం, ఒళ్ళు కాలుతూ తికమకగా అనిపించడం, ఛాతీలో నొప్పి, కుంటాల్సినంత కాలి నొప్పి, వీటిలో ఏదొచ్చినా అక్కడికక్కడే ఆగి, దారిలో ఉండే వైద్య సహాయకుల దగ్గరికి వెళ్ళండి. శిక్షణ పరుగు మధ్యలో ఆపేయడంలో చిన్నతనం లేదు. దాన్ని శిక్షణ అన్నదే అందుకు.

ఇంటికొచ్చాక "ఎన్నోదానివి వచ్చావు?" అని అందరూ అడుగుతారు. "చూసి రావడానికి వెళ్ళాను, చూసి వచ్చాను. పరిగెత్తేది జనవరిలో" అని చెప్పండి. టీచరమ్మగారూ, జనవరిలో ఇంటాయనను కూడా ముంబయికి వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆఖరి కిలోమీటరు దగ్గర చేతిలో చీనీ రసం సీసాతో నిలబడే మనిషి ఒకరు ఉండాలి కదా!